జతలకే పని

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఆ ఏడాది, ఫాల్గుణంలోనే ప్రొద్దుటూరులో శనక్కాయల మిల్లులు ఒకటొకటిగా మూతబడ్డాయి. మామూలుగా ఉగాది దాటిందాకా నడిచేవి. మద్రాసులో నూనె ధర పడిపోయిందని, కొన్న సరుకు కొన్నట్టే గోదాముల్లో పడివుందని అన్నారు. మా ఆయన మౌలాలి పనిచేసే మిల్లు అన్నిటికన్నా చివర మూతబడింది. ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి, నూనె మరకల చొక్కా విప్పి, దండెం మీద వేయకుండా మడిచి పెట్టెలో పెట్టాడు. అది చూశాక నేనేమీ అడగలేదు. మా అత్త బిస్మిల్లా బీ అడిగింది. కొత్తకాయ వచ్చేదాకా రావద్దన్నారని చెప్పాడు. కొత్తకాయ రావడమంటే కార్తీకం.

మౌలాలి ఇంజన్ డ్రైవరు. బండి నడిపేవాడు కాదు. మిల్లులో కాయలు ఒలిచే యంత్రాన్ని, గానుగలను తిప్పే పెద్ద ఆయిల్ ఇంజన్‌ను చూసుకునేవాడు. మా దూదేకులవాళ్ళలో చాలామంది దూది ఏకుతూ, పరుపులు కుడుతూ ఊళ్ళు తిరుగుతుంటే, ఆయన ఒకచోట నిలబడి నెల జీతం తెచ్చేవాడు. దాని మీద మా అత్తకు ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. నన్ను గడప దాటనిచ్చేది కాదు. వీధి కొళాయి దగ్గర నీళ్ళు కూడా ఆమే పట్టుకొచ్చేది. ఇంజన్ డ్రైవరు పెండ్లాం బిందె ఎత్తుకొని బజార్లో నడిస్తే ఏం మర్యాద అనేది.

ఆయన వెతకని చోటు లేదు. పత్తి ప్రెస్సులకు పోయాడు. సైకిలు షాపుల వాళ్ళను అడిగాడు. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి బావి దగ్గర నీళ్ళ ఇంజన్ ఉందని విని అక్కడికీ పోయాడు. దాన్ని చూసుకునే మనిషి ఉన్నాడట. ఆ ఊళ్ళో మగ్గాలు కూడా ఆగిపోయి, నేతగాళ్ళు వీధి అరుగుల మీద పులిజూదం ఆడుకుంటున్నారని వచ్చి చెప్పాడు. కర్నూలు కొత్త రాజధాని కాబట్టి అక్కడ బోలెడు పనులుంటాయని మిల్లు వాళ్ళు కొందరు రైలెక్కారు. అక్కడ తమలాంటివాళ్ళే గుంపులుగా తిరుగుతున్నారని వాళ్ళూ తిరిగొచ్చారు. మొదట్లో పోయిన ప్రతిచోటా ఏమన్నారో ఆయన వివరంగా చెప్పేవాడు. తర్వాత్తర్వాత చెప్పడం మానేశాడు. ఇంట్లో జొన్న సంగటి పలచనయ్యింది. మా మున్నీకి మూడేళ్ళు. దానికి ఆకలి అనే మాట బాగా వచ్చేసింది.

అలాంటప్పుడు జమ్మలమడుగు బస్టాండులో ఆయనకు ఆదినారాయణ మేస్త్రీ కనిపించాడు. ముద్దనూరు నుంచి పులివెందుల పోయే బాటను తొండూరు దగ్గర వెడల్పు చేస్తున్నారు. మనుషులు కావాలి. కాకపోతే జతలకే పని. మొగోడు రాయి కొట్టాలి, ఆడమనిషి కంకర మోసి బాట మీద పోయాలి. ఒంటి మగవాణ్ణి పెట్టుకోడు. మా ఆయన ఆ సంగతి ఇంట్లో నాకు చెప్పలేదు, వాళ్ళమ్మకు చెప్పాడు. చెబుతున్నప్పుడు నావైపు చూడలేదు.

"నా కోడలు బాట మీద రాళ్ళు మోసేదా? నేను బతికుండంగానా?" అంది మా అత్త. "కావాలంటే నేనొస్తా పా, ఇద్దరం పోదాం."

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వంగి లేస్తేనే గోడ పట్టుకునేది. నేను లోపలికి పోయి నా పాత చీర ఒకటి చింపి, తల మీదికి చుట్టకుదురు చేసుకున్నాను. దాన్ని పట్టుకొని వాకిట్లోకి వచ్చి, మున్నీని చూసుకోమని మాత్రం అడిగాను. ఆమె నా చేతిలో ఆ గుడ్డను చూసి, మున్నీని చంకకెత్తుకుంది. మరుసటి రోజు మమ్మల్ని సాగనంపడానికి బయటికి కూడా రాలేదు.

తొండూరు దగ్గర బాట పక్కన బోదగడ్డితో గుడిసెలు వేసుకొని అందరం అక్కడే ఉండేవాళ్ళం. చుట్టూ ఒక్క చెట్టు లేదు. ఎర్రనేల, నల్లరాళ్ళు. పొద్దు నడినెత్తికి రాకముందే గంపలు కాలేవి. నేను భయపడ్డదంతా నా గురించే. నాకేమీ కాలేదు. మెడ నొప్పి వారానికి అలవాటైపోయింది. పక్క జతలోని ఆడవాళ్ళను చూసి గంప ఎత్తడం, దించడం, ఒంటి చేత్తో పట్టుకొని నడవడం నేర్చుకున్నాను. మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళం. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్ని పూటలు నాకు అక్కడ బాగుండేది. పెళ్ళైనప్పటి నుంచి అంత ఆకాశం చూడలేదు.

కష్టమంతా ఆయనదే. ఇనుముతో మాట్లాడే చేతులవి. సమ్మెట దెబ్బకు రాయి ఎటు పగులుతుందో ఆయనకు అందేది కాదు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. దెబ్బ దెబ్బకూ కోపం. మేస్త్రీ వచ్చి, మీ జత కుప్పే అందరికన్నా చిన్నదని అన్నప్పుడు తల వంచుకొని నిలబడేవాడు. ఆయన అలా నిలబడటం నేను చూడకూడదని గంప తీసుకొని దూరంగా పోయేదాన్ని.

ఒకరోజు పులివెందుల నుంచి వచ్చే బండి మనిషి కబురు తెచ్చాడు. అక్కడ ఇంకా నడుస్తున్న ఒక మిల్లు షావుకారి ఇంజన్ డ్రైవరు కోసం చూస్తున్నాడట, మౌలాలి పేరు ఎవరో చెప్పారట. పులివెందుల అనగానే మాకు ఉస్తాద్ కమాల్ బాషా గుర్తొచ్చాడు. మా ఆయనకు పని నేర్పింది ఆయనే. మీసాలు రాకముందే తన దగ్గర పెట్టుకొని, ఇంట్లో అన్నం పెట్టి, ఇంజన్ విప్పడం, బిగించడం నేర్పించాడు. మా నిఖాకు పెళ్ళికొడుకు తరఫున పెద్దరికం చేసింది కూడా ఆయనే. ఆయన అక్కడే ఏదో మిల్లులో చేస్తున్నాడు. ఇది ఇంకో మిల్లు అనుకున్నాం.

మేస్త్రీని అడిగి, తెల్లవారుజామున బయల్దేరి పోయాం. మౌలాలి నన్ను ఉస్తాద్ ఇంటి దగ్గర విడిచి మిల్లుకు పోయాడు. ఉస్తాద్ భార్య హజరాబీ నన్ను చూసి పొంగిపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. నల్లబడిన నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకొని చూసింది. దాచిపెట్టుకున్న వరిబియ్యం తీసి పొయ్యి మీద పెట్టింది. మౌలాలికి ఏదన్నా పని దొరికిందాకా ఈడనే ఉండండి, మీ ఉస్తాద్ షావుకారితో మాట్లాడతాడు, ఆయన మాట షావుకారి తీసెయ్యడు అని చెబుతూనే ఉంది. ఉస్తాద్ ఇంట్లో లేడు. ఆ రోజు శుక్రవారం, జుమ్మా. మసీదుకు పోయాడు, ఇంకా రాలేదు.

మౌలాలి వచ్చేసరికి అన్నం తయారైంది. ముఖం కడుక్కొని కూర్చున్నాడు. హజరాబీ వడ్డిస్తూ, పుంటికూర పప్పు ఆయనకు ఇష్టమని గుర్తు చేసుకుంటూ, ఇంకొంచెం ఇంకొంచెం అని వేసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలాడు. మేం తినడం అయ్యాక ఆమె బిందె తీసుకొని నీళ్ళకు పోయింది.

"ఆ మిల్లే" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఉస్తాద్ చేసే మిల్లే. ముసిలోనికి చూపు ఆనడంలేదు, జీతం ఎక్కువ, నువ్వు తక్కువకు వస్తే ఒకటో తేదీకి ఆయప్పను నిలిపేస్తా అంటాండాడు షావుకారి."

"నువ్వేం చెప్పినావు?"

"ఇంట్లో అడిగి చెప్తా అని చెప్పినా."

ఆయన నన్నడిగి ఏ పనీ చేసింది లేదు. నేను ఆయన చేతుల వైపు చూశాను. బొబ్బలు పగిలిన చోట అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. మున్నీ గుర్తొచ్చింది. మేం కాకపోతే ఇంకొకరు వస్తారన్న మాట కూడా నా మనసులోకి వచ్చింది. రాలేదని చెప్పను. బయట ఎక్కడో హజరాబీ ఎవరితోనో మా గురించే చెబుతున్నట్టుంది, మా మౌలాలి వచ్చినాడు అని.

"గిన్నెలు కడిగి పెట్టి పోదాం పా" అన్నాను. "ఇప్పుడు బయల్దేరితే పొద్దుండంగానే చేరతాం."

ఆయన లేచి కంచం అందుకున్నాడు. హజరాబీ వచ్చేసరికి గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. చుట్టాలు గిన్నెలు తోమడమేంది అని నన్ను తిట్టింది. ఉస్తాద్ వచ్చేదాకా ఉండమని ఎంత చెప్పినా ఉండలేదు. షావుకారికి ఒక్క మాట చెప్పి వస్తానని మౌలాలి ముందు నడిచాడు. మిల్లు గేటు దగ్గర ఆయన లోపలికి పోయి అంత త్వరగా బయటికి రావడం చూస్తే, ఒక్క మాటే చెప్పినట్టుంది.

తిరుగుదారిలో ఆయన ఒక్కసారే మాట్లాడాడు. "నువ్వు చేరు అనింటే చేరిందును" అన్నాడు. ఆ మాటలో నా మీద కోపముందో, ఊరట ఉందో నాకు ఇప్పటికీ తెలీదు. మరునాడు మళ్ళీ సమ్మెట పట్టుకున్నాడు.

ఒకటో తేదీ దాటిన కొద్దిరోజులకు, పులివెందుల వైపు నుంచి ఇద్దరు ముసలివాళ్ళు మూట పట్టుకొని బాట మీద నడిచి వస్తూ కనిపించారు. దగ్గరికొచ్చేదాకా నేను పోల్చుకోలేదు. ఆదోని నుంచి నూరుల్లా అనే కుర్రవాణ్ణి తెచ్చుకొని, షావుకారి ఉస్తాద్‌ను పంపించేశాడు. మిల్లువాళ్ళ ఇల్లు కాబట్టి ఇల్లు కూడా ఖాళీ చేయించాడు. ఇంకెక్కడికి పోవాలో తోచక మా దగ్గరికి వచ్చామని హజరాబీ చెప్పింది. ఉస్తాద్ మాత్రం కంకర కుప్పల వైపు చూస్తూ, "ఈడ పనుందా?" అని అడిగాడు.

మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆదినారాయణ చెడ్డవాడు కాదు. ఆయనకూ పైన కంట్రాక్టరు ఉన్నాడు. ముసలి జతను పెట్టుకుంటే తన పని పోతుందన్నాడు. మౌలాలి బతిమాలుతున్నాడు, ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పటిదాకా నేను మేస్త్రీతో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. గంప దించి పోయి చెప్పాను.

"ముసిలి జత వద్దప్పా. ఈ పెద్దాయనకు నేను జత. ఆయమ్మకు మా ఇంటాయన జత. అట్ల రాసుకో."

మేస్త్రీ నన్ను చూశాడు, మౌలాలిని చూశాడు. "మొగుడూ పెండ్లాలకే గదమ్మా జత" అన్నాడు.

"జత అన్న్యావు గానీ, మొగుడూ పెండ్లాలని యాడ అన్న్యావు?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. చివరికి ఆయన కూడా నవ్వి, వారం చూస్తాను, కుప్పలు తగ్గితే పంపించేస్తానన్నాడు.

అలా ఆ ఎండాకాలం నేను ఉస్తాద్‌తో కలిసి రాళ్ళు కొట్టాను. ఆయన కొట్టినంత కొట్టేవాడు. ఆయన ఆగినప్పుడు సమ్మెట నేను తీసుకునేదాన్ని. అటువైపు మౌలాలి రాళ్ళు కొట్టడమే కాక, హజరాబీ మోయలేని గంపలు కూడా తానే మోసేవాడు. చిత్రమేమిటంటే, ఉస్తాద్ వచ్చాక మౌలాలి కోపం పోయింది. సమ్మెట ఆయన చెప్పినట్టు వినసాగింది. మేస్త్రీ మమ్మల్ని పంపించలేదు.

ఆ ఏడు రంజాన్ నడి ఎండల్లో వచ్చింది. మా నలుగురిలో ఉస్తాద్ ఒక్కడే ఉపవాసాలున్నాడు. వద్దని హజరాబీ ఏడ్చినా వినలేదు. మధ్యాహ్నం అందరూ గుడిసెల నీడకు పోయి తిని పడుకుంటే, ఆయన కంకర కుప్ప పక్కన తలకు తడిగుడ్డ చుట్టుకొని కూర్చునేవాడు. ఒకరోజు నేను గంప చుట్టూ తెగిన ఈతబద్దలు బిగించుకుంటూ అక్కడే కూర్చున్నాను. ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"మీరు పులివెందులకు వచ్చిన దినం షావుకారి నాతో ముందే చెప్పినాడమ్మా, నీ శిష్యున్ని పిలిపిస్తాండా అని."

నేను గంప పక్కన పెట్టాను.

"అందుకే ఇంటికి రాలేదు. నమాజు అయిపోయినా మసీదులోనే కూర్చుంటి. నన్ను ముందర పెట్టుకొని మౌలాలి ఎట్ల తేల్చుకుంటాడు? వాడు చేరతా అనింటే తాళాలు నేనే వాని చేతికి ఇచ్చిందును." తలకు చుట్టిన తడిగుడ్డ సర్దుకున్నాడు. "చేరకపోతే బాగుండునని గూడా అల్లాను అడిగినా. రెండూ అడిగినా."

హజరాబీకి ఈ సంగతి తెలుసా అని అడిగాను. తెలీదు, చెప్పొద్దు అన్నాడు. మౌలాలికి కూడా చెప్పొద్దన్నాడు. మౌలాలికి మాత్రం నేను చెప్పాను. ఆ రాత్రికి ఆయన అన్నం ముట్టలేదు. 

వానలు పడ్డాక బాట పని ఆగింది. నలుగురం ప్రొద్దుటూరు వచ్చాం. మున్నీ నన్ను గుర్తుపట్టక మా అత్త కొంగు వెనక దాక్కుంది. మా అత్త నా చేతులు తిప్పి చూసి, ఉస్తాద్ వాళ్ళ మూట చూసి, లోపలికి పోయి ఇంకో చాప తెచ్చి పరిచింది. ఇంట్లో ఆరుగురమయ్యాం. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఎలా గడిపామో ఒక్కటే చెబుతాను: మౌలాలి, నేను ఏ చేలో పిలిస్తే ఆ చేలోకి కలుపుకు పోయాం. నేను వీధిలో నడిచిపోతుంటే మా అత్త గడపలో నిలబడి చూసేది కానీ, వద్దని ఇంకెప్పుడూ అనలేదు. ఉస్తాద్ వాకిట్లో కూర్చొని ఇరుగుపొరుగు వాళ్ళ లాంతర్లు, స్టవ్వులు బాగుచేసేవాడు. చూపు ఆనక, వేళ్ళతో తడిమి చేసేవాడు.

కొత్తకాయ వచ్చింది. మిల్లు తెరిచారు. మౌలాలిని పిలిచి, పాత జీతంలో సగానికి చేస్తావా, గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూసుకో అన్నారు. చేస్తానని చెప్పి వచ్చాడు. నేను అదే మిల్లులో గింజలు ఏరే పనికి కుదిరాను.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికి వస్తూ ఒక కుర్రవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మిల్లు గేటు దగ్గర రెండు రోజులుగా నిలబడి ఉన్నాడట. ఇంజన్ పని తెలుసట. పేరు నూరుల్లా. పులివెందులలో చేస్తుంటే, ఇంకా తక్కువకు వచ్చేవాడు దొరికి షావుకారి పంపించేశాడట. మౌలాలికి సంగతంతా దారిలోనే తెలిసినట్టుంది. అయినా తీసుకొచ్చాడు. వాకిట్లో స్టవ్వు విప్పుకుంటున్న పెద్దాయన ఎవరో ఆ కుర్రవాడికి తెలీదు. హజరాబీకి మాత్రం ఆ పేరు వినగానే తెలిసింది. చేతిలోని చేట కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేనే వడ్డించాను. వాడు తలెత్తకుండా తింటున్నాడు. ఉస్తాద్ అడిగాడు, ఏ మిల్లు, ఏ ఇంజన్ అని. వాడు చెప్పాడు.

"చలికాలం పొద్దున్నే అంటుకునేది కాదు కదా అది" అన్నాడు ఉస్తాద్.

"అవును తాతా. మీకెట్ల తెలుసు?"

"నేనూ శానా దినాలు నడిపినాలే దాన్ని."

వాడి చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. మౌలాలి గోడ వైపు చూస్తున్నాడు. ఉస్తాద్ "తిను నాయనా, చల్లారిపోతాంది" అన్నాడు. వాడు తిన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఆ ఇంజన్ గురించే మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు వాడు ఉస్తాద్ పాదాలు ముట్టబోతే, ఆయన వారించాడు.

వాడు పోయాక నేను పెరట్లోకి వెళ్ళాను. హజరాబీ నీళ్ళ తొట్టి పక్కన కూర్చొని ఉంది. రా పిన్నమ్మా, నువ్వూ తిందువు అన్నాను.

"నువ్వు పెట్టినావు కదా వానికి. మంచిది" అంది. "నన్ను గూడా పెట్టమని అడగొద్దు."

 ఆమె పక్కనే కూర్చున్నాను. మిల్లుకు పోయే పొద్దయింది కానీ లేవబుద్ధి కాలేదు. చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"యాడికి పోతాడంట?"

"తెలీదు. జమ్మలమడుగు పక్క ఏదన్నా ఉందేమో చూస్తా అన్న్యాడు."

"నడిచేనా?"

"నడిచే."

"తడికె సందులో చూస్తి" అంది హజరాబీ. "కాళ్ళకు చెప్పుల్లేవు పిల్లోనికి."